తెల్లరంగు కింద ఎరుపు

పోయిన వారం టీచరమ్మని అడవి గేటు దగ్గర వదిలిపెట్టాం. చేతిలో తాళంచెవి ఉంది, తియ్యడానికి చెయ్యి రాలేదు. కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పుకుందాం. ఊరి నడిమధ్యన, పాత నీళ్ల పంపుహౌసు వెనక, పదకొండెకరాల అడవి ఒకటుంది. ముప్పై ఏళ్లుగా దాన్ని పట్టించుకున్న నాథుడు లేడు. జనం చిరిగిన పరుపులూ పగిలిన బేసిన్లూ తెచ్చి అందులో పడేసి చేతులు దులుపుకునేవారు. చుట్టుపక్కల ఉన్న ఆరు బడుల్లో ఆటస్థలం ఉన్న బడి ఒక్కటీ లేదు. ఆ అడవిని పిల్లలకి ఆరుబయట తరగతి గదిగా మార్చాలని సైన్స్ టీచరమ్మా, చెట్ల మేస్త్రీ అయిన ఆమె భర్తా రెండేళ్లు ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగి అనుమతి తెచ్చుకున్నారు. చెత్త ఎత్తించారు, దారులు వేశారు. నాలుగు నెలల కిందట, ఆకు కూడా కదలని ఒక మధ్యాహ్నం, పిల్లలు కూర్చునే దుంగలు అమరుస్తున్న మేస్త్రీ మీద పైనుంచి కొమ్మ విరిగిపడింది. ఆస్పత్రికి చేరేలోపే పోయాడు. విచారణ చేసినవాళ్లు ఒక్క వాక్యంలో తేల్చేశారు: ఆ చెట్టు గట్టిదని పొరపాటు గుర్తు పెట్టింది ఆయనే కాబట్టి, ఇది ఆయన అజాగ్రత్త వల్లే జరిగింది.

ఆనాటి నుంచీ టీచరమ్మ ఏడవలేదు. ఏడుస్తుందని అందరూ ఎదురుచూశారు. ఆమె స్టాఫ్‌రూమ్‌లోకి అడుగుపెడితే మాటలు ఆగిపోయేవి, ఎవరో ఒకరు కుర్చీ జరిపేవారు. ఆమె కూర్చునేది, హాజరు పట్టీ తీసేది, పిల్లల నోటుపుస్తకాలు దిద్దేది. పన్ను పీకే ముందు ఇంజక్షన్ ఇచ్చాక చెంప ఎలా ఉంటుందో ఒళ్లంతా అలా ఉంది ఆమెకి. తాకితే తాకినట్టు తెలుస్తుంది, అంతకుమించి ఏమీ తెలియదు.

ఇక ఈ శుక్రవారం సంగతి.

"ఏంటమ్మా, తాళం పట్టేసిందా? ఇలా ఇవ్వండి," అంటూ వాచ్‌మన్ వచ్చి తాళంచెవి అందుకున్నాడు. అతన్ని అందరూ రేడియో అంటారు. ఒకసారి మొదలెడితే ఆపే మీట లేదు. "నూనె వెయ్యాలి దీనికి. నిన్ననే వేద్దామనుకున్నా. ఈలోగా మా తోడల్లుడు ఫోన్ చేసి, వాడికి నడుంనొప్పట, అది ఎలా వచ్చిందంటే..."

నడుంనొప్పి ఎలా వచ్చిందో వింటూ ఆమె లోపలికి నడిచింది. దారికి రెండు పక్కలా పరిచిన చెక్కపొట్టు తొక్కుళ్లకి మెత్తబడింది. పెద్ద బండకి నల్లరంగు వేసి చేసిన బోర్డు, పిల్లలు చేతులు కడుక్కునే కుళాయి, రాలిన ఆకుల్ని రకాలవారీగా వెయ్యడానికి చెక్కపెట్టెలు. ఎక్కడివక్కడ సిద్ధంగా ఉన్నాయి. సోమవారం పొద్దున్న మొదటి బడి పిల్లలు ముప్పై మంది వస్తారు. అలా రావాలంటే ఇవాళ చెట్ల డాక్టరు సంతకం పెట్టాలి.

చెట్ల డాక్టరంటే నిజం డాక్టరు కాదు. చెట్టు ఎంతకాలం నిలబడుతుందో, ఎప్పుడు పడుతుందో చూసి చెప్పే నగరపాలక ఉద్యోగి. చెవి ఆనించి, చెక్క సుత్తితో కొట్టి వింటాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. యాభై దాటిన మనిషి, మాట తక్కువ. పొద్దుటి నుంచీ అడవంతా తిరిగి, ఇప్పుడు ఆ చెట్టు దగ్గర నిలబడి ఉన్నాడు.

ఆ చెట్టు చుట్టూ తాడు కట్టి ఉంది. కొమ్మ విరిగిన చోట లేత రంగు కట్టె ఇంకా బయటికి కనిపిస్తోంది. దానికింద అర్ధచంద్రాకారంలో మేస్త్రీ అమర్చిన దుంగలు తొమ్మిది. పదోది పక్కకి దొర్లి ఉంది. దాన్ని ఎవరూ కదపలేదు.

తాడుకి ఇవతల పాప నిలబడి ఉంది. పాపంటే చిన్నపిల్ల కాదు. మేస్త్రీ చెల్లెలు, టీచరమ్మకి ఆడపడుచు, అదే బడిలో డ్రాయింగ్ టీచరు. ముప్పై ఆరేళ్లొచ్చినా ఇంట్లో ఆమె పేరు పాపే. అన్నయ్య పెట్టిన పిలుపు, అలాగే నిలిచిపోయింది. గోడకి తగిలించాల్సిన ఆకుల పటాలు చంకలో పెట్టుకుని వచ్చింది.

"మేడమ్, ఒక్క మాట," అన్నాడు చెట్ల డాక్టరు. "తొంభై చెట్లు కొట్టి చూశాను. అన్నీ బాగున్నాయి. మీ ఆయన గుర్తులు ఎక్కడా తప్పలేదు. ఈ ఒక్కటీ తప్ప."

"అవును," అంది ఆమె.

"ఒక్కటి తప్పితే మిగతావి నేనెలా నమ్మాలి చెప్పండి? ఇంకా రెండొందలు పైగా ఉన్నాయి. అవన్నీ చూడాలంటే నాకు నెల పడుతుంది. సోమవారానికి సంతకం కుదరదు."

"సరే సార్."

ఆయన ఆమెకేసి చూశాడు. బతిమాలుతుందనో, గొడవపడుతుందనో అనుకుని వచ్చినట్టున్నాడు. ఆ 'సరే' ఆయనకి అడ్డం పడింది. ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి చెట్టువైపు తిరిగి, మొదలు చుట్టూ వేసిన తెల్లపట్టీ మీద చెయ్యి పెట్టాడు.

ఇక్కడ రంగుల సంగతి చెప్పాలి. మేస్త్రీకి రాతకోతలు పడవు. రంగే ఆయన రాత. పనికి ముందు తొమ్మిది రోజులు అడవంతా తిరిగి చెట్లన్నిటికీ గుర్తులు పెట్టాడు. చెట్టు చుట్టూ తెల్లపట్టీ ఉంటే గట్టి చెట్టు, కింద పిల్లలు కూర్చోవచ్చు. ఎర్రరంగుతో ఇంటూ గుర్తు ఉంటే కొట్టెయ్యాలి. తర్వాత కోతవాళ్లు వచ్చి ఎరుపు కనిపించిన చెట్లన్నీ కొట్టేసి పోయారు. మూడు నెలలు గడిచాక, మూడొందల చెట్లలో ఏది ఏదో గుర్తులేక, తెల్లపట్టీ చూసే, ఈ చెట్టు కింద దుంగలు వెయ్యడానికి పూనుకున్నాడు మేస్త్రీ.

"ఇదేంటి?" అన్నాడు చెట్ల డాక్టరు. "మిగతా చెట్లకి పట్టీ నాలుగు వేళ్ల వెడల్పే ఉంది. ఇక్కడ జానెడున్నర ఉందే?"

ఆయన సంచిలోంచి గీకుడు కత్తి తీశాడు. బెరడు కింద బూజు పట్టిందేమో చూద్దామని మెల్లిగా గీకాడు. అరచేయంత తెల్లపెచ్చు ఊడి కిందపడింది.

దాని కింద ఎర్రగా ఉంది.

ఆయన ఇంకాస్త గీకాడు. ఒక గీత బయటపడింది. దానికి అడ్డంగా ఇంకొకటి. ఇంటూ గుర్తు. గీతల చివర్లు రెండూ ఎడమవైపుకి సాగి ఉన్నాయి. మేస్త్రీది ఎడమచేతి వాటం. పాల ప్యాకెట్ల మీద తారీఖు రాసినా, కేలండర్లో సెలవు దినం కొట్టేసినా అదే సాగుడు. ఇరవై రెండేళ్లు చూసిన గీత అది. గుర్తుపట్టడానికి టీచరమ్మకి క్షణం పట్టలేదు.

"ఆయనదే," అంది.

"ఆయన తప్పు చెయ్యలేదన్నమాట!" చెట్ల డాక్టరు గొంతు మొదటిసారి పెరిగింది. "కొట్టెయ్యమనే గుర్తు పెట్టాడు. ఎవరో దాని మీద తెల్లరంగు పూశారు."

రేడియో అప్పుడే అక్కడికి వచ్చాడు. ఎర్రగీత చూసి నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి అరనిమిషం పాటు మాట రాలేదు. అది ఆ అడవిలో ఎవరూ చూడని వింత. తర్వాత "అయ్యో, మేస్త్రీ!" అని తల పట్టుకుని, జేబులో ఫోన్ తడుముకుంటూ గేటువైపు వెళ్లిపోయాడు.

"వినండి మేడమ్," అన్నాడు చెట్ల డాక్టరు. "దీంతో మీ ఆయన పేరు మీద మచ్చ పోతుంది. ఆయన గుర్తులు నమ్మొచ్చు కాబట్టి సోమవారానికి నేను సంతకమూ పెట్టొచ్చు. కానీ ఈ తెలుపు ఎవరు వేశారో తేలాలి. ఆ మనిషి ఈ ఒక్క చెట్టుకే వేశాడా, ఇంకో పదింటికి వేశాడా? అది తెలియకుండా పిల్లల్ని ఈ చెట్ల కింద ఎలా కూర్చోబెట్టను? పేరు తెలిస్తే నిలబెట్టి అడగొచ్చు. పోలీసులు పిలుస్తారనుకోండి, అది వేరే సంగతి. ఆ మనిషిని మళ్లీ ఈ గేటు లోపలికి మాత్రం రానివ్వం."

సంతోషించాల్సిన మాట అది. మొగుడి మీద పడ్డ నింద తన కళ్లముందే ఊడిపడింది. సంతోషం ఎక్కడైనా ఉందేమోనని ఆమె లోపల వెతుక్కుంది. ఖాళీ చేసిన దుకాణంలో సరుకు కోసం వెతికినట్టుంది. చేసేది లేక తల తిప్పి పక్కకి చూసింది.

పాప లేదు. ఆకుల పటాలు మాత్రం నేలమీద పడి ఉన్నాయి.

పంపుహౌసు గదిలో ఉంది పాప. ఒకప్పుడు మోటార్లు ఉండే గది అది. ఇప్పుడు గోడకి మేకులు కొట్టి రంపాలూ తాళ్లూ తగిలించారు. బల్లమీద పిల్లల కోసం ముప్పై భూతద్దాలు, మెళ్లో వేసుకునేలా దారాలు కట్టి ఉన్నాయి. పాప మూలన రంగు డబ్బాల దగ్గర కింద కూర్చుని ఉంది. టీచరమ్మ లోపలికి రాగానే లేవబోయి, లేవలేక మళ్లీ కూలబడింది.

"వదినా, నేనే."

టీచరమ్మ తలుపు దగ్గరే ఆగింది.

"నేనే వేశాను వదినా. తెల్లరంగు నేనే వేశాను."

"ఎప్పుడు?"

"కోతవాళ్లు రావడానికి ముందురోజు. మా క్లాసు పిల్లల్ని బొమ్మలు వెయ్యడానికి తీసుకొచ్చాను కదా, ఇరవై ఏడు మందిని. ఎవర్ని చూసినా ఈ చెట్టు తొర్రే వేస్తున్నారు. వడ్రంగి పిట్ట వస్తోంది, పోతోంది. లోపల దాని పిల్లలు గోలగోలగా అరుస్తున్నాయి. ఒక పిల్లాడు అడిగాడు, టీచర్, ఎర్ర ఇంటూ అంటే తప్పు అని కదా, ఈ చెట్టు ఏం తప్పు చేసింది అని." పాప మొహం తుడుచుకుంది. "వాళ్లని బడికి పంపించేసి మళ్లీ వచ్చాను."

"బ్రష్ ఎక్కడిది?" అని అడిగింది టీచరమ్మ. ఆ ప్రశ్న తనకెందుకొచ్చిందో ఆమెకే తెలియలేదు.

"అన్నయ్యదే. ఇక్కడే ఉండేది. నాకు పట్టీ సన్నగా వెయ్యడం రాలేదు. ఎరుపు పైకి కనిపిస్తూనే ఉంది, మళ్లీ మళ్లీ వేశాను."

"అన్నయ్యకి చెప్పలేదు."

"చెబితే వినేవాడా? చెట్ల విషయంలో అన్నయ్య ఎవరి మాట విన్నాడు వదినా? రెండు వారాలైతే పిల్లలు ఎగిరిపోతాయి కదా, అప్పుడు గీకేసి, ఇదిగో ఇలా చేశానని చెప్పేద్దామనుకున్నా. తిడితే తిడతాడు, పడదామనుకున్నా. ఎగిరిపోయాయి కూడా."

"మరి?"

"అప్పటికి కోతవాళ్లు వెళ్లిపోయారు. ఒక్క చెట్టు కోసం మళ్లీ పిలిపించాలంటే అన్నయ్య ఇంత ఎత్తున లేస్తాడు. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నా. తర్వాత పరీక్షలొచ్చాయి. నిజంగా మర్చిపోయా వదినా. ఒట్టు. చెట్టు పచ్చగా ఉందిగా. దానికేమవుతుంది అనుకున్నా." డబ్బా మీద ఎండిన రంగుని గోటితో గీకింది. "ఆ రోజు ఫోన్ వచ్చినప్పుడు నేను మొట్టమొదట ఏమడిగానో తెలుసా? ఏ చెట్టు అని అడిగాను. అన్నయ్య ఎలా ఉన్నాడని కాదు. ఏ చెట్టు అని. అందరూ నాకు మతి పోయిందనుకున్నారు."

ఆ సంగతి టీచరమ్మకి గుర్తుంది. ఆస్పత్రి వరండాలో ఎవరో అన్నారు, పాపం ఆ పిల్లకి ఏం మాట్లాడుతోందో కూడా తెలియట్లేదని.

బయట కుళాయి ఎవరో సరిగా కట్టలేదు కాబోలు, నీళ్లు పడుతున్నాయి. కట్టేసి రావాలి అనుకుంది టీచరమ్మ. నాలుగు నెలలుగా ఈ అమ్మాయి తన పక్కనే ఉంది. తను అన్నం తినకపోతే కలిపి ముద్దలు పెట్టింది. విచారణవాళ్ల కాగితం వచ్చినరోజు దాన్ని చదివి, ఏమీ అనకుండా మడిచి, బాత్రూమ్‌లోకి వెళ్లి గంటసేపు రాలేదు. అన్నీ ఇప్పుడు వరసగా గుర్తొస్తున్నాయి. ఒక్కటీ గుచ్చుకోవడం లేదు.

"తిట్టు వదినా," అంది పాప. "లాగి ఒక్కటి కొట్టు. ఏదో ఒకటి చెయ్యి. అలా చూడకు నన్ను, నీకు దణ్ణం పెడతా."

కోపం రావాలి. టీచరమ్మ దానికోసం నిజాయితీగానే ఎదురుచూసింది. దానికి బదులు ఇంకొకటి వచ్చింది. ఒక మధ్యాహ్నం భోజనాల బల్ల. మేస్త్రీ మజ్జిగ పోసుకుంటున్నాడు. తను అంటోంది: "ఆ పిట్టల చెట్టు ఒక్కటీ ఉంచితే ఎంత బాగుండును. పిల్లలకి అంతకంటే పాఠం ఏముంటుంది?" మేస్త్రీ నవ్వి, "లోపల పుచ్చిపోయింది టీచరుగారూ, మీ పాఠం పిల్లల నెత్తిన పడుతుంది," అన్నాడు. ఎదురుగా కూర్చున్న పాప తలెత్తి ఇద్దర్నీ చూసింది.

కోత అయిపోయిన వారానికి టీచరమ్మ అడవిలోకి వచ్చింది. చెట్టు నిలబడే ఉంది. చుట్టూ తెల్లపట్టీ ఉంది. తన మాట కోసం ఆయన మనసు మార్చుకున్నాడనుకుని లోలోపల మురిసింది. అడగలేదు. అడిగితే, అవును నీ కోసమే అని ఒప్పుకోవాల్సి వస్తుందని ఆయన బింకం పోతాడు, ఎందుకులే అనుకుంది. వడ్రంగి పిట్ట ముక్కుతో తొలిచి గూడు పెట్టిందంటే లోపల కట్టె మెత్తబడిందని అర్థం. ఏడో తరగతికి ఏటా ఆమె చెప్పే పాఠమే అది. బోర్డు మీద చెట్టు బొమ్మ వేసి, తొర్ర వేసి, బాణం గుర్తు పెట్టి మరీ చెబుతుంది.

"నాకూ తెలుసు పాపా," అంది.

"ఏం తెలుసు?"

"ఆ చెట్టు పుచ్చిందని ఆయన నాతోనే అన్నాడు. తర్వాత తెల్లపట్టీ చూశాను. ఒక్కసారి కూడా అడగలేదు."

పాప ఏదో అనబోయింది. ఈలోగా బయటి నుంచి రేడియో కేక వినిపించింది. "అమ్మా! టీచరమ్మా! పెద్దమ్మగారొచ్చారు!"

పాప గోడ పట్టుకుని లేచింది. "అమ్మా? అమ్మ ఇక్కడికి ఎందుకొచ్చింది?"

ఎందుకొచ్చిందో వాళ్లు చెట్టు దగ్గరికి వెళ్లేసరికి రేడియోనే చెప్పాడు, అడక్కుండానే. "నేనే ఫోన్ చేశానండీ. మీ అబ్బాయి తప్పేమీ లేదని తేలింది, ఎవరో దొంగరంగు పూశారని చెప్పా. మంచి మాట కదా, ముందుగా తల్లికి తెలియాలి కదా..."

అత్తగారు ఇంటి చెప్పులతోనే వచ్చేసింది. రెండు వీధుల దూరం, ఆ మోకాళ్లతో నడిచి వచ్చింది. పాతికేళ్లు ఆస్పత్రిలో నర్సుగా చేసిన మనిషి ఆమె. కొడుకు పోయిన రోజున కూడా నలుగురి మధ్య గొంతెత్తలేదు. ఆ అడవిలో మాత్రం బతికుండగా అడుగుపెట్టనని అంది. నాలుగు నెలలూ ఆ మాట మీదే ఉంది. ఇప్పుడు తాడు దాటి, చెట్టు మొదట్లో నిలబడి, ఎర్రగీత మీద వేలు పెట్టి కిందికంటా రాసింది.

"మావాడిదే," అంది. తర్వాత చెట్ల డాక్టరుతో, "ఇప్పుడైనా ఆ కాగితం మారుస్తారా బాబూ? వాడి అజాగ్రత్త అని రాశారు కదా, అది కొట్టేస్తారా?"

"కొట్టేస్తాం అమ్మా. ఈ రంగు ఎవరు వేశారో పేరు తెలిస్తే ఇవాళే రాసి పంపుతాను."

"తెలియలేదా?"

ఆయన టీచరమ్మ వైపు చూశాడు. పంపుహౌసు వైపు నుంచి ఇద్దరూ కలిసి రావడం ఆయన గమనించాడు. "మేడమ్‌కి ఏమైనా తెలుసేమో," అన్నాడు మెల్లిగా.

అత్తగారు వెనక్కి తిరిగింది.

"తెలుసా అమ్మాయ్? ఎవరు?"

పాప ఒక అడుగు ముందుకి వేసింది. "అమ్మా..." అంది. పెదవులు కదులుతున్నాయి, చప్పుడు రావడం లేదు. కొడుకుని పోగొట్టుకున్న ఆ ముసలి మనిషికి మిగిలింది ఈ కూతురొక్కతే. రోజూ మోకాళ్లకి మందు రాసేది ఈ కూతురే. పక్కన మంచం వేసుకుని పడుకునేది ఈ కూతురే.

టీచరమ్మ పెద్దగా ఆలోచించలేదు. త్యాగం లాంటి పెద్దమాటలేవీ ఆమె మనసులో లేవు. ఎవరో ఒకరు జవాబు చెప్పాలి, క్లాసులో ఎవరూ చెయ్యెత్తనప్పుడు చివరికి తనే చెప్పేసినట్టు, చెప్పేసింది.

"నేనే, అత్తయ్యా."

చెట్ల డాక్టరు కనుబొమలు పైకి లేచాయి. రేడియో నోరు రెండోసారి మూగబోయింది.

"నువ్వా?" అంది అత్తగారు. "ఎందుకు?"

"తొర్రలో పిట్ట పిల్లలున్నాయి. కొట్టేస్తే పోతాయి. పిల్లలకి చూపించాలనుకున్నాను. ఈ ఒక్క చెట్టే, ఇంకే చెట్టూ ముట్టుకోలేదు."

"వాడికి చెప్పలేదు."

"చెప్పలేదు."

గొంతు ఎక్కడా తడబడలేదు. ఏడో తరగతికి నోట్స్ చెప్పినట్టే వచ్చింది. ఇక ఈ గేటు తనకి మూసేస్తారు. సోమవారం ముప్పై మంది పిల్లలు వచ్చినప్పుడు ఇక్కడ ఇంకెవరో నిలబడి పాఠం చెబుతారు. పోలీసులు పిలుస్తారు, బడిలో అడుగుతారు. అవన్నీ ఆమెకి తెలుసు. తెలియడం వరకే.

అత్తగారు కోడలి మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత ఆమె భుజం పక్కనుంచి కూతురి మొహంలోకి చూసింది. పాతికేళ్లు రోగుల మొహాలు చదివిన కళ్లు అవి. మళ్లీ కోడలి వైపు తిరిగాయి. ఆ కళ్లలో కోపం ఉందో, ఇంకేముందో టీచరమ్మకి అందలేదు.

"విన్నావుగా," అంది అత్తగారు చెట్ల డాక్టరుతో. "మా కోడలు చెబుతోంది. రాసుకో నాయనా."

ఆయన తటపటాయించాడు. ముగ్గురు ఆడవాళ్లనీ ఒకసారి కలయజూశాడు. దుంగ మీద కూర్చుని, కాగితం మోకాలి మీద పెట్టుకుని, పెన్ను మూత తీశాడు.

పాప ఏమీ అనలేదు.